మైనపు దిమ్మలోంచి పన్ను తీయడం: బీడీఎస్ మొదటి ఏడాది కార్వింగ్

దంతవైద్య డిగ్రీ బీడీఎస్ మొదటి ఏడాదిలో చదివితే వచ్చేవే ఎక్కువ. జనరల్ అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అన్నీ ఆ బాపతే. డెంటల్ అనాటమీలో వ్యాక్స్ కార్వింగ్ (మైనంలో పన్ను ఆకారం చెక్కడం) మాత్రం ఎంత చదివినా రాదు, చేతికి పట్టుబడాలి. థియరీలో 50 శాతం, ప్రాక్టికల్లో 50 శాతం విడివిడిగా తెచ్చుకోవాలి కాబట్టి ఒకదాని లోటు ఇంకొకదానితో పూడదు. వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కింద చదివినా, విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ కింద చదివినా ఇంతే.

కార్వింగ్ చెడడానికి నూటికి తొంభై సార్లు కారణం ఒక్కటే: తొందరగా గుండ్రం చేయడం. పన్ను గుండ్రంగా ఉంటుందన్న తలంపుతో మొదటి పది నిమిషాల్లోనే మూలలు కొట్టేస్తారు. ఇక కొలవడానికి అంచే మిగలదు. ముందు కొలతలకు సరిపోయే పెట్టె, తర్వాత పక్క నుంచి ఆకారం, ఆపైన ఎదురు నుంచి ఆకారం, ఆఖరున గుండ్రం. ఈ వరస తప్పకపోతే మొదటి పన్నే చూడగానే గుర్తుపట్టేలా వస్తుంది.

బల్ల మీద ఏముండాలి

లెక్రాన్ కార్వర్ ఒకటి, వ్యాక్స్ నైఫ్ ఒకటి, 15 సెంటీమీటర్ల స్టీల్ స్కేల్, డివైడర్, వెర్నియర్ క్యాలిపర్, స్పిరిట్ ల్యాంప్, మెత్తటి పాత నూలు బట్ట. కిట్‌లో ఇంకా డజను పనిముట్లు ఉంటాయి కానీ మొదటి నాలుగు నెలల పనంతా లెక్రాన్‌తోనే నడుస్తుంది. దానికి ఒక కొస కత్తిలా, ఇంకో కొస చిన్న గరిటెలా ఉంటుంది. కత్తి కొసతో చదును చేస్తారు, గరిటె కొసతో తొలుస్తారు. కొత్త కార్వర్ మొద్దుగా వస్తే సన్నటి ఆకురాయి మీద నూరుకోండి. మొద్దు కార్వర్ మైనాన్ని కోయదు, చీలుస్తుంది. చీలిన చోట గుంట పడుతుంది, దాన్ని సరిచేయబోతే కొలత పోతుంది.

మైనం మీద పెన్సిల్ సరిగా పడదు. గీతలన్నీ డివైడర్ మొనతోనే గీయండి.

వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. డిసెంబరు పొద్దున దిమ్మ పెళుసుగా ఉండి మూలలు పెచ్చులుగా లేస్తాయి. ఐదు నిమిషాలు గుప్పిట్లో పెట్టుకుంటే లేదా గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే దారికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దీనికి ఉల్టా: వేళ్ల వేడికే మెత్తబడి కార్వర్‌కు అంటుకుంటుంది, వేలిముద్రలు పడతాయి. పక్కన చన్నీళ్ల గిన్నె పెట్టుకుని మధ్యమధ్య ముంచి తీయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, పగుళ్లిస్తుంది.

ముందు దవడ, ఆ తర్వాత కుడి ఎడమలు

మొదట ఇచ్చేది సాధారణంగా పైదవడ కుడి సెంట్రల్ ఇన్‌సైజర్, అంటే నడిమి ముందు పన్ను. స్కూల్లో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది కుంతకం, కోరపన్ను (కెనైన్) రదనిక, తర్వాతివి అగ్రచర్వణకాలు (ప్రీమోలార్లు), చర్వణకాలు (మోలార్లు). ఆ పేర్లు తెలిసినవాళ్లకు సగం పాఠం వచ్చినట్టే, పేరు మారిందంతే.

ఎఫ్‌డీఐ (ప్రపంచ డెంటల్ సమాఖ్య) నంబర్ల లెక్కలో ఈ పన్ను 11. దీన్ని 'పదకొండు' అని చదవరు, 'ఒకటి ఒకటి' అంటారు. మొదటి అంకె దవడ భాగానిది: పేషెంట్ పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. పాలపళ్లకు అదే వరసలో 5 నుంచి 8. రెండో అంకె నడిమి గీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. కుడి అంటే ఎప్పుడూ పేషెంట్ కుడే, మీ కుడి కాదు.

మొదటి పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే. మామూలుగా కార్వింగ్‌లో దిమ్మ అడుగు భాగం పీటలా కింద ఉంటుంది, వేరు ఆ పీటలోకి దిగుతుంది, క్రౌన్ (చిగురు బయట కనిపించే పన్ను భాగం) పైకి ఉంటుంది. నోట్లో మాత్రం పై పన్ను క్రౌన్ కిందికి వేలాడుతుంది. అంటే మీరు తలకిందులు చేసిన పన్నును చెక్కుతున్నారన్నమాట. 11వ పన్నును నోట్లో ఉన్నట్టు ఎదురుగా చూస్తే మీజియల్ వైపు, అంటే నడిమి గీత వైపు, మీ కుడిచేతికి వస్తుంది. క్రౌన్ పైకి తిప్పి పీట మీద పెడితే అదే మీజియల్ మీ ఎడమచేతికి మారుతుంది. పుస్తకంలో బొమ్మ చూసి అదే దిశలో దిమ్మ మీద ఎక్కించినవాళ్లు ఎంతో చక్కగా 21 చెక్కి ఇస్తారు. అడిగింది 11 కదా, అంత పనీ వృథా. అందుకే కత్తి ముట్టుకోకముందే పీట నాలుగు వైపులా గుర్తులు గీసుకోండి: మీజియల్‌కు మీ, డిస్టల్‌కు (నడిమి గీతకు దూరపు వైపు) డి, లేబియల్‌కు (పెదవి వైపు) లే, పాలటల్‌కు (అంగిలి వైపు) పా. ఆ గుర్తులు చివరిదాకా చెరగకూడదు.

కొలతలు

పైదవడ సెంట్రల్ ఇన్‌సైజర్ ప్రామాణిక కొలతలు, మిల్లీమీటర్లలో:

క్రౌన్ ఎత్తు 10.5
వేరు పొడవు 13
క్రౌన్ వెడల్పు, మీజియల్ నుంచి డిస్టల్‌కు 8.5
మెడ దగ్గర అదే వెడల్పు 7
క్రౌన్ మందం, లేబియల్ నుంచి పాలటల్‌కు 7
మెడ దగ్గర అదే మందం 6
సర్వైకల్ లైన్ (క్రౌన్, వేరు కలిసే మెడ గీత) వంపు మీజియల్ వైపు 3.5, డిస్టల్ వైపు 2.5

కొన్ని కాలేజీల్లో అసలు సైజే చెక్కిస్తారు, కొన్నిచోట్ల రెట్టింపో అంతకన్నా ఎక్కువో. రెట్టింపైతే ప్రతి అంకెనూ రెండుతో గుణించాలి, వంపుతో సహా. వంపును గుణించడం మర్చిపోవడం మామూలే, అప్పుడు మెడ గీత చదునుగా కనిపించి పన్ను పాలపన్నులా తేలిపోతుంది.

ఈ కొలతల్లో ఒకటి గమనించండి. వెడల్పు 8.5 నుంచి మెడ దగ్గర 7కు తగ్గుతోంది. రెండు పక్కలా కలిపి తగ్గేది 1.5 మి.మీ. మాత్రమే, ఒక్కో పక్కన ముప్పావు మిల్లీమీటరు. కొత్తవాళ్లు మెడను సీసా మెడలా నొక్కేస్తారు. స్కేల్ పెట్టకుండా కంటితో చెక్కితే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

పెట్టె

దిమ్మ ఆరు ముఖాలూ చదునుగా, మూలలు లంబకోణంలో ఉన్నాయో లేదో స్కేల్ అంచు ఆనించి చూడండి. వంకర ఉంటే వ్యాక్స్ నైఫ్‌తో ముందే సరిచేయండి. పై అంచు నుంచి కిందికి 10.5 దగ్గర నాలుగు ముఖాలకూ చుట్టూ ఒక గీత, 23.5 దగ్గర ఇంకో గీత. మొదటిది మెడ, రెండోది వేరు కొస. దాని కింద ఉన్నదంతా పీట. పీట కనీసం 8, 10 మి.మీ. ఉండాలి, లేదంటే పట్టుకోవడానికి పట్టు ఉండదు.

పై అంచు నుంచి పీట దాకా వెడల్పు 8.5, మందం 7 వచ్చేలా నాలుగు పక్కలా చెక్కి పెట్టె తయారుచేయండి. అర మిల్లీమీటరు ఎక్కువే ఉంచండి. ఆఖరి నునుపుకు ఆ అర మిల్లీమీటరు పోతుంది.

పక్క నుంచి ఆకారం

ముందు మీజియల్, డిస్టల్ ముఖాల మీద గీయండి. పక్క నుంచి చూస్తే క్రౌన్ ఉలిలా ఉంటుంది. కొస అంచు (కొరికే అంచు) వేరు నడిమధ్య గీతకు సూటిగా రావాలి. లేబియల్ వైపు మెడ దగ్గర మూడో వంతులో అర మిల్లీమీటరు ఉబ్బు, అక్కడి నుంచి కొస దాకా మెల్లగా వాలు. పాలటల్ వైపు మెడ దగ్గర సింగులం ఉబ్బు, దాని పైన లోపలికి గుంట, మళ్లీ కొస దగ్గర కొద్దిగా బయటికి. ఈ వెనక గీత 'ఎస్' అక్షరంలా ఉంటుంది. దాన్ని సూటిగా గీస్తే పన్ను మేకులా తయారవుతుంది.

గీశాక లేబియల్, పాలటల్ వైపుల నుంచి అదనపు మైనం తీసేయండి. కత్తిని తోయొద్దు, మీ వైపుకు లాగండి. ఉల్లిపొరంత పల్చగా రావాలి. ఎడమచేతి బొటనవేలు దిమ్మకు ఆనించి ఉంటే కత్తి జారదు. పెద్ద ముక్క ఒకేసారి లేపబోతే అనుకున్నదానికన్నా లోతుగా విరిగిపోతుంది, ఎందుకంటే మైనం గీత చూసి ఆగదు.

ఎదురు నుంచి ఆకారం

ఇప్పుడు లేబియల్ ముఖం వంపు తిరిగింది. ముందే అక్కడ ఏదైనా గీసి ఉంటే అది చెక్కడంలో పోయి ఉంటుంది కాబట్టి మళ్లీ కొత్తగా గీయాలి. మీజియల్ అంచు దాదాపు సూటిగా ఉంటుంది, కొస మూల పదునుగా లంబకోణానికి దగ్గరగా. డిస్టల్ అంచు ఇంకాస్త బయటికి వంగుతుంది, దాని మూల గుండ్రంగా ఉంటుంది. మీజియల్ వైపు పక్క పన్నుకు తగిలే చోటు కొస మూడో వంతులో, డిస్టల్ వైపు కొస, నడుమ భాగాలు కలిసే చోట. ఈ రెండు మూలల తేడా ఒక్కటి చూసే ఎగ్జామినర్ ఇది కుడిదా ఎడమదా తేల్చేస్తారు.

రెండు పక్కలా చెక్కాక పై నుంచి చూడండి. లేబియల్ ముఖం వెడల్పుగా, పాలటల్ వైపు సన్నగా ఉండాలి. మీజియల్, డిస్టల్ పక్కలు రెండూ వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. ఇది చేయకపోతే పన్ను ముందు నుంచి బాగుంటుంది, వెనక్కి తిప్పితే డబ్బాలా ఉంటుంది.

మెడ గీత

లేబియల్, పాలటల్ ముఖాల మీద మెడ గీత వేరు వైపుకు వంగుతుంది. పక్క ముఖాల మీద కొస అంచు వైపుకు ఎక్కుతుంది. మీజియల్‌లో 3.5 ఎక్కుతుంది అంటే వంపు శిఖరం కొస అంచు నుంచి 7 మి.మీ. దూరంలో ఉంటుంది. డిస్టల్‌లో 2.5 కాబట్టి 8 మి.మీ. డివైడర్‌ను 7కు పెట్టి కొస నుంచి మీజియల్ మీద ఒక చుక్క, 8కి మార్చి డిస్టల్ మీద ఒక చుక్క పెట్టుకుని, వాటి మీదుగా వంపు గీయండి. తర్వాత గీత కింద వేరు వైపు మాత్రం కొద్దిగా దించితే క్రౌన్ అంచు సన్నటి మెట్టులా తేలుతుంది. గీతను లోతుగా కోసి వదిలేస్తే అది మెడ గీతలా ఉండదు, దారం కట్టినట్టుంటుంది.

వైవాలో (నోటి పరీక్షలో) ఈ వంపు ఎందుకని అడుగుతారు. పక్కపక్క పళ్ల మధ్య ఎముక, చిగురు కొస వైపుకు ఎత్తుగా ఉంటాయి, మెడ గీత దాన్ని అనుసరిస్తుంది. ముందు పళ్లలో ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ. పైదవడ మొదటి మోలార్‌కు మీజియల్‌లో 1 మి.మీ., డిస్టల్‌లో దాదాపు సున్నా.

వెనక గుంట, వేరు, నునుపు

పాలటల్ గుంటను లెక్రాన్ గరిటె కొసతో నడుమ నుంచి మొదలుపెట్టండి. రెండు పక్కలా మార్జినల్ రిడ్జ్‌లు (అంచు గట్లు), కింద సింగులం మిగలాలి. రిడ్జ్‌లను అతికించరు, చుట్టూ తీసేస్తే అవే మిగులుతాయి. సింగులం శిఖరం సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త డిస్టల్ వైపుకు ఉంటుంది.

వేరు ఆఖరున. ముందే సన్నం చేస్తే క్రౌన్ మీద కత్తి నొక్కినప్పుడల్లా బరువంతా మెడ మీద పడి అక్కడే పుటుక్కున విరుగుతుంది. వేరు శంకువులా సన్నబడుతూ మొద్దు కొసతో ముగుస్తుంది. మెడ దగ్గర అడ్డుకోత మూలలు అరిగిన త్రికోణంలా ఉంటుంది, లేబియల్ వైపు వెడల్పు, పాలటల్ వైపు సన్నం.

విరిగితే? వ్యాక్స్ నైఫ్ వేడి చేసి రెండు ముఖాలనూ ఒకేసారి కరిగించి, కలిపి, ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. నిలుస్తుంది కానీ అతుకు రంగులో తేడా కనిపిస్తుంది. ప్రాక్టీసులో ఫర్వాలేదు, పరీక్షలో కనబడిపోతుంది.

నునుపుకు మంట చూపించకండి. ఒక్క క్షణం చాలు కొస అంచు కరిగి గుండ్రం కావడానికి. ముందు పొడి నూలు బట్టతో, తర్వాత సబ్బు నీళ్లలో తడిపి పిండిన దూదితో మెల్లగా రుద్దండి, ఒకే దిశలో. చివరికి చన్నీళ్లతో కడగండి. మెరుపు గీతల్ని దాచదు, ఇంకా ఎత్తిచూపుతుంది. లోతు గీత ఉంటే ముందు కార్వర్‌తో సమం చేయాలి.

స్పిరిట్ ల్యాంప్ వాడేటప్పుడు జుట్టు ముడివేసి, నూలు ఏప్రన్ వేసుకోండి. సింథటిక్ చున్నీ ల్యాంప్ దగ్గరకు రానివ్వొద్దు.

కోరపన్ను, దవడ పళ్లు

కెనైన్ చెక్కేటప్పుడు ఇన్‌సైజర్ అలవాటు చెడగొడుతుంది. పైదవడ కెనైన్ వెడల్పు 7.5 అయితే మందం 8. ముందు నుంచి కన్నా పక్క నుంచే మందం ఎక్కువ. వేరు 17, నోట్లో అన్నిటికన్నా పొడవు. మొన నడిమధ్యన ఉండదు: మీజియల్ వాలు చిన్నది, డిస్టల్ వాలు పెద్దది. పైదవడ మొదటి ప్రీమోలార్ ఈ సూత్రానికి ఎదురు తిరుగుతుంది, దాని బక్కల్ కస్ప్‌కు (బుగ్గ వైపు మొనకు) మీజియల్ వాలే పొడవు. ఇదొక్కటీ గుర్తుంచుకుంటే స్పాటర్స్‌లో (పన్ను చూపించి గుర్తుపట్టమనే పరీక్షలో) చాలా మార్కులు నిలుస్తాయి. పైగా దాని మీజియల్ మార్జినల్ రిడ్జ్ మీదుగా ఒక గాడి దాటి వెళ్తుంది, మీజియల్ పక్కన గుంట ఉంటుంది.

మోలార్లలో అందరూ చేసే తప్పు గాడులను సూదితో గీయడం. గాడి అంటే రెండు వాలులు కలిసే చోటు. వాలులు సరిగా దించితే గాడి దానంతటదే వస్తుంది. పైదవడ మొదటి మోలార్ మీద ముందు నాలుగు కస్ప్ మొనల చోట్లు చుక్కలు పెట్టండి. అన్నిటికన్నా పెద్దది మీజియోపాలటల్ (మీజియల్, అంగిలి వైపుల మూలది). దాని నుంచి డిస్టోబక్కల్‌కు (డిస్టల్, బుగ్గ వైపుల మూలదానికి) ఏటవాలుగా ఆబ్లిక్ రిడ్జ్ అనే గట్టు మిగలాలి, నడుమ గాడిని దీని మీదుగా కోసేస్తే పన్ను పాడైనట్టే. ఈ పన్ను మందం 11, వెడల్పు 10. కింది దవడ మొదటి మోలార్‌కు తిరగేసి: వెడల్పు 11, మందం 10.5. దానికి ఐదు కస్ప్‌లు, బుగ్గ వైపు మూడు, నాలుక వైపు రెండు, క్రౌన్ నాలుక వైపుకు వాలి ఉంటుంది.

అసలు పళ్లు చేతికొచ్చినప్పుడు

గుర్తుపట్టే ప్రాక్టీసుకు తీసిన పళ్లు కావాలి. కానీ క్లినిక్ నుంచి డబ్బాలో తెచ్చుకున్న పన్నును గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, అది రక్తం అంటిన వస్తువు. మురికి కడిగి, ఎండిపోకుండా నీళ్లలో ఉంచి, 121 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపడం) చేయించాలి. వెండి సిమెంటు అని జనం పిలిచే అమాల్గమ్ నింపిన పళ్లను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి వస్తుంది. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచుతారు.

పన్ను చేతికివ్వగానే ఈ వరసలో ఆలోచించండి: పాలపన్నా, శాశ్వత దంతమా? ఏ రకం? పైదవడా కిందిదవడా? కుడా ఎడమా? చాలామంది కుడి ఎడమలతో మొదలుపెట్టి తప్పులో కాలేస్తారు. కుడి ఎడమలకు మూడు సాక్ష్యాలు కలవాలి: మెడ వంపు ఏ వైపు ఎక్కువ, కొస మూల ఏ వైపు గుండ్రం, వేరు కొస ఏ వైపు వంగింది. వేరు సాధారణంగా డిస్టల్‌కు వంగుతుంది కానీ ఒక్క వేరునే నమ్ముకోవద్దు, అది మొండికేస్తుంది.

ప్లాస్టర్ పని

ప్రీక్లినికల్ ప్రోస్థోలో (కట్టుడు పళ్ల పని నేర్పే సబ్జెక్టులో) ప్లాస్టర్ కలపడం కూడా మొదటి ఏడాదే మొదలవుతుంది. 100 గ్రాముల ప్లాస్టర్‌కు 50 మి.లీ. నీళ్లు, డెంటల్ స్టోన్‌కు 28 నుంచి 30. గిన్నెలో ముందు నీళ్లు, ఆపైన పొడి చల్లాలి. ముందు పొడి వేసి నీళ్లు పోస్తే అడుగున ఉండలు, లోపల గాలి. పొడి నానాక ఒక నిమిషం గిన్నె గోడకు నొక్కుతూ కలపండి, గిలక్కొట్టకండి. పల్చగా ఉంటే పోయడం సులువని నీళ్లు పెంచితే ఆరాక మోడల్ బలహీనంగా తయారవుతుంది. గట్టిపడటం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోసి కలిపినా అంతే, అప్పుడు పారేయడమే మేలు. సింక్‌లో మాత్రం కాదు, పైపులోనే రాయిలా గట్టిపడుతుంది.

చెక్కిన పళ్లను ఏడాది చివరిదాకా దాచుకోవాలి, ఇంటర్నల్స్‌లో చూపించమంటారు. సబ్బు పెట్టెలో దూది పరిచి ఒక్కో పన్నునూ విడిగా పెట్టండి, పీట మీద పన్ను నంబరు, తేదీ గీయండి. ఎండాకాలం ఆ పెట్టెను బండి డిక్కీలో వదిలేస్తే సాయంత్రానికి పళ్లన్నీ ఒకే ముద్ద అవుతాయి.